కేసు షీటులో రోగి మాట

ముప్పై నాలుగేళ్లు నర్సుగా పనిచేసి పోయినేడు రిటైరయ్యాను. నా పేరు కరుణ. ఇంజెక్షన్లు, కట్లు, సెలైన్లు అందరికీ కనిపించే పని. నేను చేసినదాంట్లో సగం కనిపించని పని, అంటే రాత. రోగి ఏం చెప్పుకుంటూ వచ్చాడు, జ్వరమెంత, ఏ మందు ఎన్ని గంటలకిచ్చాం, రాత్రి ఎన్నిసార్లు లేచాడు, ఇవన్నీ రాసీ రాసీ నా కుడిచేతి నడిమివేలికి కాయ కాసింది. చివరి పదేళ్లలో ఆ రాతంతా కంప్యూటర్లోకి వెళ్లింది. దాన్ని వెళ్లేట్టు చేసినవాళ్లలో నేనూ ఒకదాన్ని. అందుకని, కొత్తగా ఈ ఉద్యోగంలోకి వస్తున్న పిల్లలకు నాకు తెలిసింది చెబుదామని కూర్చున్నాను.

ప్రమోషన్ల సంగతి చెప్పను. అవి అందరికీ వచ్చినట్టే నాకూ ఆలస్యంగా వచ్చాయి.

మాది చిలకలూరిపేట దగ్గర హైవే పక్కనున్న ప్రైవేటు ఆసుపత్రి. నూరు పడకలు. పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లుల్లో చేతులు నలిగినవాళ్లు, లారీ ప్రమాదాలు, కాన్పులు, పత్తికి మందు కొట్టే రోజుల్లో పురుగుమందు కేసులు. నా మొదటి పెద్ద తప్పు ఆ పురుగుమందు కేసుల్లోనే జరిగింది.

విన్నది ఒకటి, రాసింది ఒకటి

అప్పటికి నాకు ఉద్యోగంలో నాలుగో ఏడు. అంతా వచ్చేసిందనుకునే వయసు. మధ్యాహ్నం పన్నెండింటప్పుడు అద్దంకి వైపు పల్లె నుంచి ఏడుకొండలు అనే రైతును ట్రాక్టర్ ట్రక్కులో పడుకోబెట్టి తీసుకొచ్చారు. నోట్లో చొంగ, ఒళ్లంతా చెమట, కంటిపాపలు ఆవగింజలంత. చూడగానే పురుగుమందని తెలిసిపోతుంది. వెంట ఆయన భార్య కోటేశ్వరి. ఏడుస్తూ ఏదో చెబుతోంది. అదే సమయంలో పక్క మంచం మీద లారీ ప్రమాదం కేసు ఒకటి కేకలు పెడుతోంది.

"మందెక్కిందమ్మా, మందెక్కింది" అన్నది ఒక్కటే నా చెవిన పడింది.

ఆ వారంలో అలాంటివాళ్లు అప్పటికే ముగ్గురొచ్చారు. ముగ్గురూ తాగినవాళ్లే. నేను ఇంకేమీ అడగలేదు. కేసు షీటు మీద "పురుగుమందు తాగాడు" అని ఇంగ్లీషులో రాసేశాను. డ్యూటీ డాక్టరు పరుగున వచ్చి నా రాత చూశాడు. ముక్కులోంచి గొట్టం వేసి కడుపు కడిగారు. ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. పోలీసులకు కబురు వెళ్లింది. గంట గడిచినా చెమట తగ్గదు, చొంగ ఆగదు. ఇచ్చేకొద్దీ ఇంకా ఇవ్వాల్సి వస్తోంది. ఎందుకో ఎవరికీ అర్థం కాలేదు.

మా ఆయా సుబ్బాయమ్మ దుప్పటి మార్చడానికని ఆయన్ని పక్కకు తిప్పింది. తిప్పినామె తిప్పినట్టే ఆగిపోయి, "సిస్టరమ్మా, ఈయన వీపంతా తడిసుందేందమ్మా? చొక్కా పిండితే మందే కారుద్ది" అంది.

ఆయన తాగలేదు. వీపుకు తగిలించుకున్న స్ప్రేయరు ట్యాంకు కారింది. పొద్దుటి నుంచీ ఆ మందు చొక్కాలో ఇంకి, ఒంట్లోకి ఎక్కుతూనే ఉంది. మేం కడుపు కడుగుతూ కూర్చున్నాం. విషం వీపు మీద ఉంది. నేను 'తాగాడు' అని రాశాను గనక వీపు చూడాలని ఎవరికీ తోచలేదు. చొక్కా కత్తిరించి తీసి, సబ్బు పెట్టి రెండుసార్లు ఒళ్లు కడిగాం. సాయంత్రానికి మనిషి తేరుకోవడం మొదలుపెట్టాడు.

బతికాడు. అదృష్టం నాది.

దిద్దడం ఎలాగో నేర్పినవారు

అంతటితో అయిపోలేదు. పోలీసులు ఊరికెళ్లి, "మొగుడూ పెళ్లాలకి ఏం గొడవైంది?" అని ఇరుగుపొరుగుల్ని అడిగారు. మర్నాటికల్లా, కోటేశ్వరి పోరు పడలేక మొగుడు మందు తాగాడని ఊరంతా చెప్పుకోవడం మొదలైంది. ఆమె అత్తగారు వార్డు వరండాలో కూర్చుని, కోడలి చేతి నీళ్లు కూడా ముట్టడం మానేసింది. అయిదో రోజున కోటేశ్వరి నా దగ్గరికొచ్చింది.

"మా ఆయన మందు తాగాడని రాసింది ఎవరు?"

"నేనే" అన్నాను.

"నేను చెప్పానా ఆ మాట? మందు కొడతా కొడతా చేలో పడిపోయాడని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పానే! మీరేం విన్నారు?"

నర్సుల గదిలోకి వెళ్లి కళ్లు తుడుచుకుంటుంటే ఒక సీనియర్ సిస్టర్ నా మంచికోరే సలహా చెప్పింది. "ఆ కాగితం తీసేసి కొత్తది రాసి పెట్టెయ్. ఎవరు చూడొచ్చారు?" నిజం చెప్పొద్దూ, పాత పేజీ పిన్ను ఊడదీశాను కూడా.

మా సూపరింటెండెంటు డాక్టర్ వెంకటప్పయ్య గారు ఆ సమయానికే లోపలికొచ్చారు. ఆయన కోపిష్ఠి మనిషి. రాత బాగోకపోతే షీటు గిరాటేసేవారు. అందరిముందూ తిట్టేవారు. అది తప్పేనని ఇప్పటికీ అంటాను. తిట్లకు భయపడి చాలామంది చిన్న తప్పులు దాచేసేవాళ్లు. కానీ ఆ రోజు తిట్టలేదు. నా చేతిలో పేజీ చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"అది చింపేస్తే నీ తప్పొక్కటే పోదమ్మా. మిగతా పేజీల మీద నమ్మకం కూడా పోతుంది. ఒక్క గీత కొట్టు. కింద మాట చదవడానికి వీలుండాలి. పక్కన సరైన మాట రాయి. ఎందుకు మారుస్తున్నావో రాయి. తేదీ వేసి సంతకం పెట్టు."

"నా తప్పని అందరికీ తెలుస్తుంది కదండీ?"

"తెలియాలి. రేపు ఇదే షీటు చదివే డాక్టరుకి, మొదటి గంట వైద్యం ఎందుకలా జరిగిందో కూడా తెలియాలి."

గీత కొట్టి రాశాను. పోలీసు స్టేషనుకు వివరంగా ఉత్తరం ఆయనే రాసి పంపారు. ఆ నకలు కోటేశ్వరికి ఇవ్వబోతే తీసుకోలేదు.

"నాకు కాయితం కాదమ్మా కావాల్సింది. మా అత్తకి చెప్పండి. మీ నోటితో చెప్పండి."

మంచం మీద నుంచి ఏడుకొండలు కూడా, "చెప్పండమ్మా, నేను చెబితే మా అమ్మ పెళ్లాన్ని వెనకేసుకొస్తున్నానంటంది" అన్నాడు. వరండాలోకి వెళ్లి ఆ పెద్దావిడ ముందు కింద కూర్చున్నాను. ట్యాంకు కారిన సంగతి, తడిసిన చొక్కా సంగతి, నేను సగం విని రాసిన సంగతి వరసగా చెప్పి, తప్పు నాదన్నాను. ఆవిడ నా మొహంలోకి చూసి అడిగింది.

"ఇంత చదువుకున్నదానివి, ఒక్కమాట అడగలేకపోయావా?"

నా ముప్పై నాలుగేళ్ల సర్వీసులో నాకు దొరికిన అసలు పాఠం అదే. ఆ తర్వాత ఆవిడ కోడల్ని పిలిచి మంచినీళ్లు తెమ్మంది.

కంప్యూటరు వచ్చాక

కంప్యూటర్లు వచ్చినప్పుడు మావాళ్లు చాలామంది గొణిగారు. నేను సంతోషించాను. కాగితం రోజులు బంగారం రోజులని ఎవరైనా అంటే నమ్మకండి. వానాకాలంలో రికార్డు గదిలో చెమ్మపట్టి షీట్లు అట్టల్లా అతుక్కుపోయేవి. పాత షీటు వెతకడానికి పూటంతా పట్టేది. డాక్టరు గారి రాత మందుల షాపువాడొక్కడే చదవగలిగేవాడు. అందుకని శిక్షణ ఇవ్వడానికి ఎవరైనా ముందుకు రమ్మంటే నేనే వెళ్లాను. రెండు నెలల్లో నేర్చుకుని మిగతా నర్సులకు నేర్పాను.

నేర్పేటప్పుడే రెండో పెద్ద తప్పు చేశాను. పని తొందరగా తెమలాలని, "నిన్నటి నోట్ కాపీ చేసుకుని, మారినవి మాత్రం దిద్దండి" అని చెప్పాను. అందరూ నన్ను మెచ్చుకున్నారు. కాపీ చేయడం అందరికీ వచ్చింది. దిద్దడం మాత్రం రోజురోజుకూ తగ్గిపోయింది. నాకది ఏడాది దాకా తెలియలేదు.

తెలిసింది మాలకొండయ్య వల్ల. ఆయన చీమకుర్తి గ్రానైటు క్వారీలో పనిచేసేవాడు. కొన్నేళ్ల క్రితం రాయి దొర్లి ఎడమకాలు మోకాలి కింద తీసేశారు. పెట్టుడుకాలు ఒరుసుకుని పుండు పడితే మా దగ్గర అయిదు రోజులున్నాడు. ఇంటికి పంపే రోజున ఆయన కూతురు డిశ్చార్జి కాగితం ఇంగ్లీషులో చదివి తండ్రికి తెలుగులో చెబుతోంది. ఒకచోట ఆగి మళ్లీ చదివింది. "రెండు కాళ్లలోనూ కదలిక, స్పర్శ మామూలుగా ఉన్నాయి" అని ఉంది.

మాలకొండయ్య పకపకా నవ్వి నన్ను పిలిచాడు. "సిస్టరమ్మా, ఆ రెండో కాలు మీ దగ్గరుంటే ఇప్పించండి. తీసకపోతా."

వార్డంతా నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎవరో ఎప్పుడో తయారుచేసి పెట్టిన నోట్ అది. అయిదు రోజులూ కాపీ అవుతూ వచ్చింది. ముగ్గురు నర్సులు, ఇద్దరు డాక్టర్లు దాని కింద తమ పేరు పెట్టారు. ఆ మధ్యాహ్నం వార్డులో ఉన్నవాళ్ల రికార్డులన్నీ తెరిచి చూశాను. ఒకామెకు జ్వరం పట్టికలో నూటరెండు ఉంది, నోట్‌లో "జ్వరం లేదు" అని ఉంది. ఆమె ఆపరేషన్ అయిన మనిషి. వెంటనే డాక్టరును పిలిపించాను. కుట్లలో చీము మొదలైంది. సమయానికి చూశాం.

ఒక పెట్టె కోసం

అప్పటికి ఆసుపత్రి వ్యవహారాలు చూసే మేనేజరు మురళీధర్ గారు. చెడ్డవారని అనను. జీతాలు సమయానికిచ్చేవారు, ఆడపిల్లలకు డ్యూటీ గది కట్టించారు. కానీ ఆయనకు స్క్రీన్ మీద వివరాలు నింపకపోతే ఎర్రగా కనిపించే ఖాళీ పెట్టెలంటే పడదు. "సిస్టర్, పెట్టెలు నిండాయా?" అన్నదే రోజూ ఆయన ప్రశ్న. ఏం నింపారన్నది అడిగేవారు కాదు. మనం అడిగిన ప్రశ్నకే కింది వాళ్లు జవాబు తయారుచేస్తారు. పైకి వెళ్లినప్పుడు ఇది గుర్తుపెట్టుకోండి.

ఆ రోజే నేను ఆయన్ని వార్డుకు తీసుకెళ్లి మాలకొండయ్యను చూపించి, కాగితం చేతికిచ్చాను. ఆయన కాగితం వైపోసారి, మంచం వైపోసారి చూశారు.

"ఎవరు చేశారిది?"

"కాపీ చెయ్యమని నేర్పింది నేనేనండి. అక్కడి నుంచి మొదలైంది."

అది చెప్పడం కష్టంగానే ఉంది. కానీ ముందు నా తప్పు ఒప్పుకున్నాక తర్వాతి మాట ఆయన విన్నారు. నేను అడిగినవి రెండు. రోగిని పరీక్షించి రాసే నోట్‌లో కాపీ పనిచెయ్యకూడదు. రికార్డు పైభాగంలో ఒక కొత్త పెట్టె ఉండాలి. అందులో రోగి చెప్పింది రోగి మాటల్లోనే, తెలుగులో రాయాలి.

సాఫ్ట్‌వేర్ చూసే ఇంజినీరు శిరీష వచ్చినప్పుడు, "మేడం, జాబితాలోంచి ఎంచుకుంటేనే కంప్యూటరు లెక్క కట్టగలదు. ఇలా ఇష్టమొచ్చినట్టు రాస్తే ఏమీ తెలుసుకోలేదు" అంది.

"లెక్క కట్టొద్దమ్మా. డాక్టరు చదివితే చాలు."

మురళీధర్ గారు గడియారం చూసుకున్నారు. "ఒక్కో మనిషికి రెండు నిమిషాలు ఎక్కువైతే, సోమవారం ఓపీ లైను రోడ్డు మీదకొస్తుంది. దానికేమంటారు?"

ఆయన అడిగింది న్యాయమే. చివరికి క్యాజువాలిటీ, స్త్రీల వార్డు, ఈ రెండు చోట్ల మూడు నెలలు పెట్టి చూద్దామని ఒప్పుకున్నారు. మొదటి నెల చూస్తే నాకే నీరసం వచ్చింది. సగం పెట్టెల్లో "నొప్పి" అని ఒక్క ముక్క. కొన్నింట్లో చుక్క పెట్టి వదిలేశారు. తెలుగు టైపు చెయ్యడం రాదన్నారు. ఫోన్లో ఇంట్లోవాళ్లకు తెలుగులోనే మెసేజీలు కొడతారు కదా అంటే నవ్వారు. ఒక్కొక్కరి పక్కన కూర్చుని నేర్పాను. తిట్టలేదు. వెంకటప్పయ్య గారి దగ్గర దిద్దడం నేర్చుకున్నాను, తిట్టడం మాత్రం అక్కడే వదిలేశాను.

నాగేంద్రం

మూడో నెలలో ఒక సోమవారం పొద్దున క్యాజువాలిటీకి నాగేంద్రం వచ్చింది. ఇరవై అయిదారేళ్ల మనిషి. మిరపకాయలకు తొడిమలు తీసే కూలిపనికి వెళ్తుంది. ఆయాసమని రావడం అది మూడోసారి. ముందు రెండుసార్లూ రికార్డులో "మిరప ఘాటు వల్ల ఆయాసం, ఉబ్బసం" అని ఉంది. పీల్చే మందు రాసి పంపారు. మా ప్రాంతంలో తొడిమలు తీసేవాళ్లకు దగ్గూ తుమ్ములూ మామూలే. ఎవరూ రెండోసారి ఆలోచించరు.

ఆ రోజు డ్యూటీలో ప్రవల్లిక ఉంది. చేరి ఆరు నెలలైన పిల్ల. లైను పెద్దదిగా ఉంది. నేను పక్క బల్ల దగ్గరున్నాను.

"మళ్లీ ఘాటేనా అక్కా?" అంది ప్రవల్లిక.

"ఏమోనమ్మా. మిరపకాయ మొహం చూసి పదిరోజులైంది. పని మానేశా. అయినా తగ్గలా, ఇంకా ఎక్కువైంది."

ప్రవల్లిక కీబోర్డు మీద నుంచి చేతులు తీసి ఆమె వైపు తిరిగింది. "ఎప్పుడెక్కువుంటుంది?"

"పడుకుంటే ఊపిరాడదు. లేచి కూర్చుంటే ఆడుద్ది. గోడకానుకుని కూర్చునే కునుకు తీస్తన్నా. తిండి సహించట్లా, పాదాలు ఉబ్బి చెప్పులు పట్టట్లా."

"ఇంట్లో చిన్నపిల్లలున్నారా?"

"పాప పుట్టి రెండు నెలలమ్మా."

ప్రవల్లిక ఆ మాటలన్నీ ఉన్నవున్నట్టు కొట్టింది. 'కునుకు తీస్తన్నా' అన్నదాన్ని కూడా దిద్దలేదు. లోపల డాక్టర్ నవీన్ గారు రికార్డు తెరిచి, ఆ పెట్టె చదివి, కుర్చీలోంచి లేచి తనే బయటికొచ్చారు. ఆమె మెడ దగ్గర నరాలు చూశారు, వీపు మీద స్టెతస్కోపు పెట్టి విన్నారు. తర్వాత స్క్రీన్ మీద మూడుసార్ల బరువూ పక్కపక్కన పెట్టి నాకు చూపించారు. యాభై ఒకటి, యాభై మూడు, యాభై ఆరు. కడుపునిండా తినలేని బాలింత బరువు పెరుగుతోందంటే ఒంట్లో నీరు చేరుతోందన్నమాట. కాగితం రోజుల్లోనైతే ఆ మూడు చీటీలూ మూడుచోట్ల ఉండేవి. ఈ ఒక్క విషయానికైనా కంప్యూటరుకు దండం పెట్టొచ్చు.

మధ్యాహ్నానికి గుండె స్కానింగు అయింది. కాన్పు తర్వాత కొందరు తల్లులకు గుండె కండరం బలహీనపడుతుంది. ఆమెకు వచ్చింది అదే. ఉబ్బసం కాదు. ఆమె భర్త మొహం తెల్లబోయింది. "రెండుసార్లొచ్చాం కదండీ! అప్పుడెందుకు చెప్పలా?" అన్నాడు. నవీన్ గారు చూపు తప్పించుకోలేదు. "మేం సరిగ్గా అడగలేదు. ఇప్పుడు తెలిసింది, ఇంకా సమయముంది" అన్నారు.

అంబులెన్సులో గుంటూరులో గుండె డాక్టరు దగ్గరికి పంపాం. రికార్డు ఆమెకంటే ముందే అక్కడికి చేరింది. రెండు వారాలు అక్కడుంది. ఆ రెండు వారాలూ ప్రవల్లిక రోజూ రికార్డు తెరవబోయి, ఇప్పుడు మన రోగి కాని మనిషి రికార్డు ఊరికే చూడకూడదు కదా అని నన్నడిగి, మానేసి, ఆమె భర్తకు ఫోన్ చేసి కనుక్కునేది. మంచిపిల్ల.

మూడు నెలల గడువు అయ్యాక మురళీధర్ గారు ఆ పెట్టెను తీసెయ్యమనలేదు. మిగతా వార్డులన్నిటికీ, ఓపీకీ పెట్టించారు. నర్సును ఒకరిని అదనంగా తీసుకున్నారు. లైను మాత్రం సోమవారాల్లో ఇప్పటికీ గేటు దాకా ఉంటుంది. అదీ నిజమే.

ఇప్పుడు మాట్లాడితే దానంతటదే రాసుకునే కంప్యూటర్లు కూడా వస్తున్నాయట. రానివ్వండి. మీ చేతులకు కాయలు కాయకపోతే నాకు సంతోషమే. మిగిలే సమయంలో ఇంకొక్క ప్రశ్న అడగండి. మీరు రాసింది తప్పయితే ఒప్పుకుని అందరికీ కనపడేట్టు దిద్దండి. చూడనిది చూసినట్టు రాయకండి. నాకు తెలిసిన రహస్యాలు ఇంతే.

నేను రిటైరవడానికి కొద్దివారాల ముందు నాగేంద్రం పరీక్షకొచ్చింది. చంకలో పాప. వాపు లేదు, మొహంలో కళ వచ్చింది. ప్రవల్లిక రికార్డు తెరిచి, "నీ గురించి ఏం రాశామో చూస్తావా అక్కా?" అని స్క్రీన్ ఆమె వైపు తిప్పింది. నాగేంద్రం ఏడో తరగతి దాకా చదువుకుంది. వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివింది. చదివి ఆశ్చర్యంగా ప్రవల్లిక వైపు చూసింది.

"ఇది నేనన్న మాటే!"

"నువ్వన్నదే. మేమేం కలపలా."

ఆమె పాపను ఆ చంక నుంచి ఈ చంకకు మార్చుకుంది.

"అయితే ఇంకోటి రాసుకో అమ్మా. నిన్న దీన్ని ఎత్తుకుని డాబా మెట్లు ఎక్కా. మధ్యలో ఆగలా."

ప్రవల్లిక ఆ మాట టైపు చేసింది.